పక్కమూత

రాయి ఎగిరి మూడు నెలలైనా మేస్త్రికి ఏడుపు రాలేదు. ఏడుపే కాదు, కోపమూ రాలేదు. పడుకుంటే నిద్ర పట్టేది, లేచేసరికి తెల్లవారి ఉండేది. "గుండె గట్టివాడు, తట్టుకున్నాడు" అన్నారు తోటివాళ్లు. గుండె గట్టిగా ఉందో, అసలు ఉన్నచోట ఉందో లేదో అతనికే తెలియలేదు.

అతన్ని అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. నీళ్ల ప్లాంటులో గడ్డి, చెట్లు, కంచె చూసుకోవడం అతని పని. పదిహేడేళ్లుగా అదే పని. శుద్ధి చేసిన నీళ్లు నిలవ చేసే ట్యాంకులు అక్కడ ఆరున్నాయి. ఆరూ నేలలోపలే. పైన కాంక్రీటు కప్పు, కప్పు మీద మూరెడు మన్ను, మన్ను మీద గడ్డి. తెలియనివాళ్లు చూస్తే ఆటస్థలం అనుకుంటారు. గడ్డి పెరిగితే వేళ్లు కప్పులోకి దిగుతాయి, ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు చేరతాయి. అందుకని పెట్రోలు మెషిన్‌తో వరసగా కోస్తూనే ఉండాలి. ఆరో ట్యాంకు కోసేసరికి మొదటి ట్యాంకు మీద గడ్డి చీలమండలు దాటి ఉంటుంది. ఒడవని పని.

ఆ మెషిన్‌ని ప్లాంటులో 'ముసల్ది' అనేవాళ్లు. పొద్దున్నే నాలుగుసార్లు తాడు లాగితే గాని దగ్గి లేచేది కాదు. అయినా పని చేసేది. దాని కుడిపక్కన కోసిన గడ్డి బయటికి పడే నోరు ఉంటుంది. ఆ నోటికి అడ్డంగా ఒక రేకు మూత. మూతని ఎప్పుడూ కిందికి నొక్కి ఉంచడానికి ఒక స్ప్రింగు. గడ్డి దాని కిందనుంచి జారిపడుతుంది, బ్లేడుకి రాయి తగిలితే ఆ మూతకే కొట్టుకుని నేలమీద పడుతుంది. ఉన్నన్నాళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ స్ప్రింగు ఏడాది కిందట విరిగింది. మేస్త్రి స్టోరుకి చీటీ రాశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ స్టోరు గుమాస్తా వెనక్కి అదే జవాబు పంపాడు: 'ఈ మోడల్ కంపెనీ ఆపేసింది. పార్టు లేదు.' సరేనని మేస్త్రి మూతని ఇనపతీగతో కట్టి నడిపించాడు. కట్టిన తీగ వారానికోసారి తెగేది, మళ్లీ కట్టేవాడు.

ఆ రోజు రెండురోజుల వాన తర్వాత ఎండ కాసింది. గడ్డి తడిగా, బరువుగా ఉంది. తీగతో కట్టిన మూత పూర్తిగా లేవక, తడిగడ్డి నోట్లో ముద్దకట్టి పదడుగులకోసారి ఇంజను ఆగిపోతోంది. పైగా మూత డబడబమని ఒకటే మోత. మూడో ట్యాంకు మీద మేస్త్రి మెషిన్ ఆపి, తీగ కత్తిరించి, మూతని ఊడదీసి పక్కన పెట్టాడు. మళ్లీ తాడు లాగాడు. మెషిన్ సుఖంగా నడిచింది. ట్యాంకు లోపలికి గాలి వెళ్లడానికి పైకి వచ్చిన గొట్టాల చుట్టూ కంకరరాళ్లు పోసి ఉంటాయి. రెండో గొట్టం పక్కన తిప్పుతుంటే చక్రం కంకర మీదికి ఎక్కింది. 'టప్' అని చిన్న చప్పుడు. తాళం పడినట్టు, అంతే.

పదిహేనడుగుల దూరంలో కోసిన గడ్డిని పారతో పోగుచేస్తున్న మనిషి కింద కూర్చున్నాడు. అరవలేదు. "కంట్లో ఏదో పడిందిరా" అన్నాడు, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని. "కాస్త ఊదు."

ఆ మనిషి మేస్త్రికి బావ, సొంత అక్క మొగుడు.

బావ అంతకుముందు ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. ప్రెస్సు మూతపడి ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటే, "మీ బావకి నీ దగ్గర ఏదైనా చూడరా" అని అక్కే అడిగింది. మేస్త్రి సూపరింటెండెంటు గారి చుట్టూ నెలరోజులు తిరిగి ఆ ఉద్యోగం వేయించాడు. అక్క అతనికి అక్కలా ఎప్పుడూ లేదు, అమ్మ పోయాక అమ్మలాగే ఉంది. అందుకే ఆసుపత్రి వసారాలో ఆమె వేసిన ఒక్క ప్రశ్న అతనికి చాలాసార్లు వినబడేది.

"నువ్వేనా నడిపింది?"

"నేనే అక్కా."

అంతే. కన్ను దక్కలేదు. ఆ రోజు నుంచి అక్క అతనితో మాట్లాడలేదు. తిట్టలేదు, తలుపు వేయలేదు. అతను ఇంటికి వెళితే కుర్చీ లాగి వేసి, లోపలికి వెళ్లిపోయేది.

ప్లాంటులో విచారణ జరిగింది. బల్లకి అటువైపు ముగ్గురు కూర్చున్నారు. "మెషిన్‌కి మూత ఎలా పోయింది?" అని అడిగారు. "ఊడిపోయింది" అన్నాడు మేస్త్రి. అబద్ధం చెప్పాలని అనుకుని వెళ్లలేదు. నోరు తెరిస్తే ఆ మాట వచ్చింది. వాళ్లు రాసుకున్నారు. కింద సంతకం పెట్టమంటే పెట్టాడు.

ఇంట్లో అతని భార్య వారంపాటు చూసింది. ఒకరోజు కూరలో ఉప్పు అసలు వేయకుండా వడ్డించి, "సరిపోయిందా?" అని అడిగింది.

"సరిపోయింది."

ఆమె పళ్లెం తీసుకెళ్లి, ఉప్పు కలిపి, మళ్లీ తెచ్చి ముందు పెట్టింది. అతను దాన్ని కూడా అలాగే తిన్నాడు. ఆమె ఇంక పరీక్షలు మానేసింది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, కొత్త మెషిన్‌కి మంజూరు వచ్చింది. సూపరింటెండెంటు గారు మేస్త్రిని పిలిచారు.

"ఏది కొనాలో నువ్వే చూసి చెప్పు. మాలో ఎవరికీ తెలియదు, తెలిసినట్టు మాట్లాడతాం అంతే. ఈసారి మాత్రం పార్టులు దొరికేదే కావాలి."

"సరేనండి."

"ఒక్కడివే వెళ్తావా?"

గుమ్మం దగ్గరనుంచి జవాబు వచ్చింది. "నేనూ వెళ్తానండి."

బావ. నల్లకళ్లద్దాలు, చేతిలో రీడింగుల పుస్తకం. ఆసుపత్రి నుంచి వచ్చాక అతన్ని వాల్వుల గదిలో మీటర్లు రాసే పనిలో వేశారు. "ఒంటికన్నుతో మీటరు చదవడం తేలికరా, రెండోది ఎలాగూ మూసుకోవాలిగా" అని అందరికీ చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్లు, మేస్త్రి తప్ప.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. బావకి ఎడమవైపు మనుషులు తెలియడం లేదని మేస్త్రి ఆ పక్కనే నడిచాడు. ఎవరూ చెప్పలేదు, కాళ్లే అటు వెళ్లాయి.

మొదటిది పెద్ద షోరూము. అద్దాల వెనక మెషిన్లు వరసగా, బూట్ల దుకాణంలో బూట్లలా మెరుస్తున్నాయి. టై కట్టుకున్న సేల్స్‌మాన్ ఎర్రరంగు మెషిన్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇది చూడండి సార్. తాడు లాగక్కర్లేదు, బటన్ నొక్కితే స్టార్టు. తోయక్కర్లేదు, అదే నడుస్తుంది."

"మరి మావాడు ఏం చెయ్యాలి?" అన్నాడు బావ.

సేల్స్‌మాన్ నవ్వాడు. బావ వంగి, బ్లేడు చుట్టూ ఉండే తొట్టి మీద వేలితో కొట్టి చూశాడు. "ప్లాస్టిక్కా?"

"కాంపోజిట్ సార్. తుప్పు పట్టదు."

"మా ఇంట్లో బకెట్టు కూడా కాంపోజిటే. పోయిన నెల పగిలింది."

మేస్త్రి మెషిన్ కుడిపక్కకి వెళ్లి నిలబడ్డాడు. మూత చూశాడు. ఎర్రగా, కొత్తగా, బిగుతుగా ఉంది. చూస్తే ఏమైనా అనిపిస్తుందేమో అనుకున్నాడు. ఏమీ అనిపించలేదు. మూతలా ఉంది.

"ఇది విరిగితే ఇది ఒక్కటే విడిగా ఇస్తారా?" అని బావే అడిగాడు.

"రెండేళ్ల వారంటీ ఉంది సార్. దేనికీ ఢోకా లేదు."

"రెండేళ్ల తర్వాత?"

"అప్పటికి కొత్త మోడల్ వచ్చేస్తుంది సార్."

బావ నడుం నిలబెట్టి, "పిల్ల చక్కగా ఉంది గాని పుట్టిల్లు లేదన్నమాట" అన్నాడు. సేల్స్‌మాన్‌కి అర్థం కాలేదు. కొటేషన్ కాగితం మాత్రం అడిగి తీసుకున్నారు.

రెండో కొట్లో మెషిన్లు చవక. అట్టపెట్టెల్లోంచి తీసి అప్పుడే బిగిస్తున్నారు. పుస్తకం ఇమ్మంటే ఇచ్చారు. అందులో పార్టుల బొమ్మ ఉంది, బొమ్మ పక్కన నంబర్లు లేవు. కొట్టు యజమాని నిజాయితీపరుడే. "పాడైతే తీసుకురాకండి, ఇంకోటి కొనుక్కోండి" అని నవ్వుతూ చెప్పాడు. బయట రోడ్డుపక్కన స్కూటర్లు బాగుచేస్తున్న మెకానిక్ వీళ్ల మాటలు విని తల ఎత్తాడు.

"పార్టులావిడని అడిగారా? బస్సు డిపో వెనక సందులో. ఆవిణ్ణి అడక్కుండా నేనైతే నట్టు కూడా కొనను."

ఆ కొట్టు వెడల్పు ఒక మంచమంత. లోతు మాత్రం రైలుపెట్టెలా ఉంది. రెండువైపులా పైకప్పుదాకా సొరుగులే. ఒక్కో సొరుగు మీద బాల్‌పెన్నుతో రాసిన అంకెలు. బల్ల వెనక యాభై దాటిన ఆవిడ, మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు, గోళ్ల సందుల్లో నల్లగా గ్రీజు.

"ఏ మెషిన్?" అంది తలెత్తకుండా.

"ఇంకా కొనలేదండి" అన్నాడు మేస్త్రి.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఇద్దర్నీ చూసింది. "కొనకముందు వచ్చినవాళ్లు ఇరవయ్యేళ్లలో మీరే మొదలు. అందరూ కొన్నాక ఏడుస్తూ వస్తారు. కూర్చోండి."

కూర్చోవడానికి ఒకే స్టూలు ఉంది. బావ కూర్చున్నాడు.

"గట్టిదా కాదా అని అడుగుతారు అందరూ" అంది ఆవిడ. "గట్టిదంటూ ఏదీ లేదు. గడ్డి, మట్టి, నీళ్లు, వేడి, వీటి మధ్య తిరిగేది ఏదైనా పాడవుతుంది. పాడయ్యాక మర్నాటికి లేచి తిరుగుతుందా లేదా, అదీ అడగాల్సింది. తొట్టి స్టీలుది చూసుకోండి, చిల్లుపడినా అతుకు వేయొచ్చు. ఇంజను నలుగురి దగ్గరా ఉన్నదే చూసుకోండి, ఊళ్లో ఎవడైనా విప్పగలగాలి. బోల్టులు మామూలు స్పానరుకి రావాలి. వాళ్ల స్పానరే కావాలంటే, ఆ మెషిన్‌కి మీరు జీతగాళ్లన్నమాట."

లేచి సొరుగులు లాగి చూపించింది. ఒకదాంట్లో స్టార్టరు తాళ్లు చుట్టలు చుట్టలుగా, ఒకదాంట్లో ప్లగ్గులు, ఒకదాంట్లో కార్బురేటరు లోపల వేసే పల్చటి రబ్బరు పొరలు, ఉల్లిపొరల్లా.

"ఈ వరసంతా ఒకే మెషిన్‌ది. బూడిదరంగుది. చూడ్డానికి ఏమీ బావుండదు, తాడు లాగే స్టార్టు చెయ్యాలి, మీరే తోయాలి. కానీ పదేళ్లుగా దానికి ఒక్క బోల్టు మార్చలేదు వాళ్లు. మొదటి మెషిన్‌కి పట్టిన బెల్టు నిన్న అమ్మిన మెషిన్‌కీ పడుతుంది."

"పక్కమూత?" అన్నాడు మేస్త్రి. పొద్దున్నించి అతను తనంతట తానుగా అడిగిన ప్రశ్న అదొక్కటే.

"మూత, స్ప్రింగు, రెండింటినీ పట్టుకునే కడ్డీ, మూడూ విడివిడిగా ఉంటాయి." బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు ఏది వాడుతున్నారు?"

బావ చెప్పాడు, ముసల్దాని కంపెనీ పేరు, మోడల్ నంబరు. "దానికి మూత స్ప్రింగు లేకే ఇంత దూరం వచ్చాం. కంపెనీ ఆపేసిందట."

"కంపెనీ ఆపితే? నేను ఆపలేదుగా." ఆవిడ నిచ్చెన జరుపుకుని ఎక్కింది. పైవరసలో చెయ్యి పెట్టి వెతికి, గోధుమరంగు కాగితం పొట్లం తీసుకుని దిగింది. చీరకొంగుతో దుమ్ము తుడిచి విప్పింది. లోపల రేకు మూత, దానికి దారంతో కట్టిన స్ప్రింగు.

"రెండుండేవి. ఒకటి అమ్మాను. ఇది ఆరేళ్లుగా ఇక్కడే ఉంది. ఎవరూ అడగలేదు."

ప్లాంటు గేటు దగ్గరనుంచి డిపోకి బస్సులో పాతిక నిమిషాలు.

బావ ఆ స్ప్రింగుని చేతిలోకి తీసుకున్నాడు. రెండు వేళ్లతో నొక్కాడు, వదిలాడు. మళ్లీ నొక్కాడు. తర్వాత జాగ్రత్తగా పొట్లంలో పెట్టి ఆవిడ వైపు తోశాడు.

"తీసుకుంటారా, వద్దా?" అంది ఆవిడ.

"మాకు ఇప్పుడు అక్కర్లేదమ్మా. పైన పెట్టకు, కింద సొరుగులో పెట్టు. ఇంకెవడైనా ఆ మెషిన్ పట్టుకుని తిరుగుతుంటాడు. వస్తాడు."

ఆవిడ నల్లకళ్లద్దాల వైపు ఒకసారి చూసింది. పొట్లాన్ని కింద సొరుగులో పెట్టి, బూడిదరంగు మెషిన్ ఎక్కడ అమ్ముతారో కాగితం మీద రాసిచ్చింది.

బయటికి వచ్చి బస్‌స్టాపులో కూర్చున్నారు. బస్సు ఇంకా రాలేదు. మేస్త్రి రోడ్డు వైపు చూస్తూ, రీడింగు చదివినట్టు చెప్పాడు.

"బావా, మూత ఊడిపోలేదు. నేనే తీశాను."

"తెలుసు."

"చూశావా?"

"చూడ్డమేంట్రా. ప్లయరు నీకు ఎవరిచ్చారు?"

మేస్త్రి తల తిప్పాడు. తీగ కత్తిరించడం గుర్తుంది, మూత పక్కన పెట్టడం గుర్తుంది. చేతిలోకి ప్లయరు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం గుర్తులేదు.

"నేనే ఇచ్చాను" అన్నాడు బావ. "'తీసి పారెయ్‌రా, ఆ డబడబకి చెవులు పోతున్నాయి' అని కూడా నేనే అన్నాను. చెవులు పోతున్నాయన్నాను చూడు. కన్ను సంగతి అనలేదు." నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది. "మీ అక్కకి చెప్పలేదు. మొదట్లో నొప్పి, మందులు, చెప్పే ఓపిక లేదు. తర్వాత ఆవిడ నీతో మాట్లాడ్డం మానేసిందని తెలిసింది. అప్పుడు చెప్పాలి. చెప్తే నన్నంటుందని ఊరుకున్నాను. నాకు తగలాల్సింది నీకు తగులుతుంటే చూస్తూ కూర్చున్నా. తప్పు నాది బామ్మర్దీ."

మేస్త్రికి కోపం రావాలి. వస్తుందేమోనని ఎదురుచూశాడు కూడా. రాలేదు. ముందు బస్సు వచ్చింది.

పార్టులావిడ రాసిచ్చిన చోటికీ వెళ్లి, మధ్యాహ్నం కొటేషన్లు తీసుకుని సూపరింటెండెంటు గారి గదికి వెళ్లారు. బూడిదరంగు మెషిన్ ఎందుకో మేస్త్రి రెండు ముక్కల్లో చెప్పాడు. తర్వాత అదే గొంతుతో, "అయ్యా, ఆ రోజు మూత ఊడిపోలేదండి, నేనే తీశాను" అన్నాడు.

ఆయన లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

"పార్టు దొరక్కే ప్రమాదం జరిగిందని రిపోర్టు రాశాం. తప్పు ప్లాంటుదని ఒప్పుకున్నాం. దాని మీదే మీ బావకి పరిహారం వచ్చింది, ఈ కూర్చుని చేసే పని వచ్చింది. ఇప్పుడు నువ్వే తీశావని రాస్తే రెండూ పోతాయి. నీ ఉద్యోగమూ పోతుంది." అద్దాలు తీసి తుడుచుకున్నారు. "పైగా అబద్ధం పూర్తిగా అబద్ధం కాదు. మూడు చీటీలు రాశావు, మూడూ ఫైల్లో ఉన్నాయి. వాటికి 'పార్టు లేదు' అని వచ్చినప్పుడు నేనూ కింద సంతకం పెట్టాను. ఆ పార్టు ఎక్కడైనా ఉందేమో వెతకమని నేను ఎవరికీ చెప్పలేదు."

"ఉందండి" అన్నాడు బావ. "డిపో వెనక."

ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకుని బావ వైపు చూశారు. చివరికి కలం తీసుకుని, "మెషిన్‌తోపాటు ఏం పార్టులు కావాలో రాసివ్వు" అన్నారు. మేస్త్రి రాశాడు. మూతలు రెండు, స్ప్రింగులు నాలుగు, బ్లేడులు, తాళ్లు, బెల్టులు. ఆయన చదవకుండానే సంతకం పెట్టారు.

సాయంత్రం బావే అతన్ని ఇంటికి తీసుకెళ్లాడు. అక్క ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గర ఉంది. బడిపిల్లల యూనిఫారాల కాలర్లు కుడుతోంది. పక్కన కుట్టినవి ఒక కుప్ప, కుట్టాల్సినవి రెండు కుప్పలు. తమ్ముణ్ణి చూసి కుర్చీ లాగబోయింది. "ఉండు, నేను చెప్పేది విని వెళ్లు" అన్నాడు బావ.

అతను చెబుతున్నంతసేపూ ఆమె కాళ్లు మిషన్ తొక్కుతూనే ఉన్నాయి. కుట్టు చివరిదాకా వెళ్లింది. దారం తెంపింది. గుడ్డ పక్కన పెట్టింది.

"ప్లయరు నువ్విచ్చావా?"

"ఇచ్చాను."

"మూడు నెలలు నా తమ్ముడితో మాట్లాడకుండా ఉన్నాను. నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావు?"

ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "మరి నువ్వు? ఈయన ఇచ్చాడని నువ్వైనా చెప్పలేకపోయావా?"

"నాకు గుర్తులేదక్కా."

"నువ్వు తీశావన్నది గుర్తుందిగా. అదైనా చెప్పొచ్చుగా."

"చెప్పొచ్చు." అతను గోడ వైపు చూశాడు. "తిడతావని కాదక్కా చెప్పనిది. నువ్వు తిట్టినా నాకు ఏమీ అనిపించదేమోనని భయం వేసింది."

అక్క అతన్ని పరకాయించి చూసింది. ఆ మూడు నెలల్లో అతని మొహం వైపు ఆమె చూడ్డం అదే మొదటిసారి.

"ఏమీ అనిపించడం లేదా?"

"లేదు."

"దేనికీ?"

"దేనికీ."

"నాకూ అంతేరా" అంది అక్క. గొంతు మామూలుగానే ఉంది. "ఈయన కట్టు మార్చేది నా చేతులే, నేను కాదు. మందు వేళకి పోస్తాను. పక్కింటావిడ వచ్చి నా బదులు ఏడ్చి వెళ్లింది. నీ మీద కోపమనుకుంటున్నావేమో. కోపం ఉంటే తిట్టేదాన్ని కాదూ? నిన్ను చూస్తే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. అందుకని లోపలికి వెళ్లిపోయేదాన్ని."

ముగ్గురూ అలాగే ఉన్నారు. ఎవరూ ఎవర్నీ పట్టుకుని ఏడవలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. అక్క గోడగడియారం వైపు చూసింది.

"రేపు పొద్దున్నకి ఇరవై కాలర్లు ఇవ్వాలి. ఊరికే కూర్చునే బదులు ఇవి తిరగెయ్యి." కుట్టిన కాలర్ల కుప్ప అతని ఒళ్లో వేసింది, పైన ఒక పెన్సిలు పెట్టింది. "మూలలు పెన్సిలుతో పొడువు. గుచ్చెయ్యకు, చిరుగుతుంది."

మేస్త్రి కాలర్లు తిరగేశాడు. మూలలు మొనదేలేదాకా పొడిచి, వరసగా పేర్చాడు. బావ దారాలు కత్తిరించాడు. ఒంటికన్నుతో దూరం అంచనా తెలియక రెండుసార్లు గాలిని కత్తిరించాడు. "ఏయ్, నా గుడ్డ!" అని అక్క కసిరింది. ఇరవైకి ఇరవై అయ్యాక అతను ఇంటికి వెళ్లాడు.

బూడిదరంగు మెషిన్ పది రోజులకి వచ్చింది. ప్లాంటులో అందరూ చూసి పెదవి విరిచారు. "దీనికా ఊరంతా తిరిగారు?" అన్నాడు స్టోరు గుమాస్తా. మేస్త్రి పార్టులన్నీ ఒక ఇనప్పెట్టెలో సర్దుకున్నాడు. స్టోరులో పెట్టకుండా తన గదిలోనే పెట్టుకున్నాడు. మొదటి రోజు మూడో ట్యాంకుకి వచ్చేసరికి చేతులు వణుకుతాయేమో అనుకున్నాడు. వణకలేదు. గొట్టాల చుట్టూ కంకరకి రెండడుగుల దూరంలో మెషిన్ ఆపి, మిగిలిన గడ్డి కొడవలితో కోశాడు. అప్పటినుంచి అదే పద్ధతి పెట్టుకున్నాడు. దానివల్ల రోజుకి గంట పని పెరిగింది.

అక్క మాట్లాడడం మొదలుపెట్టింది. ముందు అవసరానికి, తర్వాత అనవసరానికి. బావకి గాజుకన్ను పెట్టారు. అది అసలు కన్ను కంటే బావుందని అతను చెప్పుకు తిరిగాడు.

నెలన్నర తర్వాత ఒక పొద్దున, నాలుగో ట్యాంకు మీద, మేస్త్రి స్టార్టరు తాడు గట్టిగా లాగాడు. తాడు పుటుక్కున తెగి, పిడి అతని చేతిలోకి వచ్చేసింది. తెగిన కొస ఎగిరి మెటిక మీద చెళ్లున తగిలింది.

"ఓరి నీ తల్లి కడుపు కాలా!" అన్నాడు మేస్త్రి.

వాల్వుల గది కిటికీ తెరుచుకుంది. "ఎవర్నిరా తిడుతున్నావ్?"

"తాడుని! నెలన్నరకే తెగింది దరిద్రపుది! ఆ పార్టులావిడ ఇది గట్టిదని..."

"ఆవిడ గట్టిదనలేదు. దొరుకుతుందంది."

మేస్త్రి ఇంకా ఏదో అన్నాడు. మెటిక మండుతోంది, ఎండ నెత్తి మీదికి వస్తోంది, గడ్డి సగమే అయింది. అన్నీ ఒకేసారి చికాకు పుట్టించాయి. చెయ్యి విదిలించుకుంటూ గదికి వెళ్లి, పెట్టె తెరిచి కొత్త తాడు తీసుకున్నాడు. మామూలు స్పానరుతో నాలుగు బోల్టులు విప్పాడు. ముడి సరిగా పడక మళ్లీ తిట్టాడు. ఈసారి కిటికీలోంచి నవ్వు వినబడింది.

పావుగంటలో మెషిన్ లేచింది. మధ్యాహ్నంలోగా నాలుగో ట్యాంకు మీద గడ్డి పూర్తిగా కోసి, ఐదోదాని మీదికి తోసుకెళ్లాడు.